నీళ్లు పోసుకున్న శుక్రవారం

జనగామ,
19 సెప్టెంబరు 2011.

బిడ్డ స్వరూపకు,

బాపు దీవెనలు. అల్లుడు సురేశ్‌కు కూడా చెప్పు, ఆయన పుచ్చుకుంటే.

నేను బాగానే ఉన్నాను. చెవులు మాత్రం బాగాలేవు, ఇక బాగుపడవు కూడా. ఇన్నేళ్లు రైస్ మిల్లులో మిషన్ పక్కన నిలబడ్డవాడికి చెవులు మిగలడమే గొప్ప. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు "ఆ, ఆ" అన్నాను కదా, నాకు ఒక్క ముక్క వినబడలేదు. ఫోన్ పెట్టేశాక పక్కింటి యోహాను "ఏమన్నది బిడ్డ?" అని సైగ చేస్తే, "మంచిగున్నదట" అని చెప్పాను. నువ్వు నిజంగా బాగున్నావో లేదో నాకేం తెలుసు? అందుకే ఉత్తరం రాయమని మొత్తుకుంటున్నాను. ఏడో తరగతి దాకా చదివిన చదువు ఇప్పుడు ఇలా పనికొస్తున్నది. ఒకటే మాట, ఉత్తరం బడిలో నేర్పిన భాషలో రాయి. మాట్లాడినట్టు రాస్తే ఉత్తరానికి మర్యాద ఉండదని మా సారు అనేవాడు.

ఇక్కడ సమ్మె జోరుగా ఉంది. సర్కారు కచేరీలు బంద్, బడులు బంద్, ఇవాళటి నుంచి బస్సులు కూడా బంద్. చౌరస్తాలో టెంటు వేశారు. పొద్దున్నే పోయి యోహాను, కాటమయ్య, నేను ఒకే జంపఖానా మీద కూర్చుంటాం. కాటమయ్య కల్లు గీయడానికి తాళ్లెక్కడం కూడా మానేసి వస్తున్నాడు. అందరూ "జై తెలంగాణ" అని ఆపేశాక నేను మొదలుపెడతానట. నా ఒక్కడి గొంతే మిగులుతుందట. కాటమయ్య కడుపు పట్టుకొని నవ్వుతాడు. నవ్వనీ, తెలంగాణ వస్తే నా గొంతుతో కూడా వచ్చినట్టే.

మానుకోట నుంచి మీ సాలమ్మత్త రైలుకు వచ్చిపోయింది. వచ్చీ రాగానే నా చెవి దగ్గర నోరు పెట్టి "స్వరూప సంగతేందే అన్నా? పెండ్లయి నాలుగేండ్లాయె!" అని అరిచింది. సందంతా విన్నది. "నా బిడ్డను అడగకు, నన్ను అసలే అడగకు" అని కసిరాను. నేను అడగనని నీకు మాట ఇచ్చాను కదా. అడగడం లేదు. వేళకు తిను. అంతే.

నీ బాపు,
సోమనర్సయ్య


భూపాలపల్లి,
25 సెప్టెంబరు 2011.

బాపూ,

నీ ఉత్తరం నిన్న అందింది. బస్సుల్లేకపోయినా ఎవరి జీపులోనో టపా సంచి వచ్చిందట. పోస్టుమ్యాన్ దాన్ని చేతికిస్తూ "ఈ రోజుల్ల గూడ ఉత్తరాలేందమ్మా" అని నవ్వాడు.

ఇక్కడ బొగ్గు బాయిలన్నీ బంద్. సురేశ్ పొద్దున టెంటు దగ్గరికి పోతే చీకటి పడ్డాకే ఇంటికి రావడం. బొగ్గు లేక కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియడం లేదు. బొగ్గు తవ్వే ఊళ్లోనే దీపాల్లేవు, చూడు. ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి క్వార్టర్ల ఆడవాళ్లమంతా కరెంటు కోసం కాచుకొని కూర్చుంటున్నాం. కాబట్టి నీ చెవులను తిట్టుకోకు, వినబడేవాళ్లకు కూడా ఫోన్లు పనిచేయడం లేదు.

నాకు ఒంట్లో బాగాలేక ఈ వారం మంచం దిగలేదు. భయపడకు. పక్క క్వార్టర్‌లో గంగి అని ఉంది, లంబాడావిడ, వాళ్లాయన హరిలాల్ కూడా సురేశ్‌తో పాటే బాయిలో పని. ఆమే నన్ను చూసుకుంది. శుక్రవారం నీళ్లు పోసుకున్నాను. ఇప్పుడు నిమ్మళంగా ఉంది. అత్తకు మాత్రం ఇప్పుడే ఏమీ చెప్పకు. ఆమెకు తెలిస్తే మానుకోట మొత్తానికి తెలుస్తుంది.

టెంటులో ఎండకు కూర్చోకు. తువ్వాలు తల మీద వేసుకో.

నీ బిడ్డ,
స్వరూప


జనగామ,
30 సెప్టెంబరు 2011.

నా తల్లీ,

ఓసి నా బంగారు తల్లీ! ఇంత పెద్ద మాటను అంత చిన్నగా రాస్తారా? "శుక్రవారం నీళ్లు పోసుకున్నాను" అట! కరెంటు సంగతి ఆరు వాక్యాలు రాసి, ఈ సంగతి ఒక్క వాక్యమా? ముందు నేను దాటుకుంటూ పోయాను. తువ్వాలు వేసుకోమన్న దగ్గరికి వచ్చాక తట్టింది. వెనక్కి వచ్చి చదివాను. మళ్లీ చదివాను. మంచం దిగలేదంటే వేవిళ్లని నాకు తెలియదనుకున్నావా? సిగ్గుపడి దాచావు. దాచినా నాకు తెలిసిపోయింది.

ఒక చెప్పు తొడుక్కొని, ఒకటి ఇంట్లోనే వదిలేసి టెంటు దగ్గరికి పోయాను. నువ్వు చెప్పొద్దన్నావు, నాకు గుర్తుంది. మూడో నెల నిండేదాకా బయట పెట్టొద్దని మీ అమ్మ కూడా అనేది. అందుకే కాటమయ్య ఒక్కడికే, అదీ చెవిలో, మెల్లగా చెప్పాను. నా మెల్లగ ఎంత ఉంటుందో నాకు తెలియదు కదా బిడ్డా! టెంటంతా చప్పట్లు కొట్టింది. మైకులో యోహాను "సోమనర్సయ్య తాత కాబోతున్నడు" అని చెప్పాడట. ఎవరో బెల్లం తెచ్చారు, తలా ఇంత నోట్లో పెట్టుకున్నాం. అది నిరాహార దీక్ష టెంటు అని తర్వాత గుర్తొచ్చి అందరూ నాలుక కరుచుకున్నారు.

ఇక సాలమ్మకు ఎవరు చెప్పారో నన్ను అడగకు. రైలు దొరకగానే వచ్చింది. నన్ను పట్టుకొని ఏడ్చింది. మామిడికాయ తొక్కు జాడీకెత్తింది, పల్లి ముద్దలు చేస్తున్నది, మెత్తటి పాత చీరలు ఉతికి ఆరేసింది. నువ్వు బిందె ఎత్తకు. సద్దుల బతుకమ్మ నాడు ఆడితే ఆడు కానీ వంగకు, ఎగరకు. బస్సు నడిచిన మొదటి రోజే నేనూ, అత్తా వచ్చి వాలిపోతాం. అల్లుడితో చెప్పు, వట్టి చాయ్ పోసి పంపితే ఊరుకోను.

నిన్ను అడగనని నాలుగేళ్లు నాలుక బిగబట్టుకున్నాను. నా మాట దేవుడు విన్నాడు, నాకు వినబడకపోయినా.

మురిసిపోతున్న నీ బాపు


భూపాలపల్లి,
5 అక్టోబరు 2011.

బాపూ,

నువ్వు పొరపాటు పడ్డావు. నేను రాసింది అది కాదు. వారం రోజులు మంచంలో ఉండి శుక్రవారం నీళ్లు పోసుకున్నానంటే, స్నానం చేశానని. మనింట్లో తానం చేసి రా అనడానికి "నీళ్లు పోసుకొని రా" అనేవాడివి నువ్వే కదా చిన్నప్పటి నుంచి. ఆ మాటకు రెండో అర్థం ఉందని రాసేటప్పుడు నాకు తోచలేదు. తోచి ఉంటే రాసేదాన్నే కాదు.

అది జ్వరమనుకో. జ్వరమే అనుకో బాపూ, అంతకంటే నన్నేం అడగకు.

అత్తను ముద్దలు చేయడం ఆపమను. ఆ చీరలు మడిచి పెట్టెలో పెట్టేయమను. మీరు ఇప్పుడు రావద్దు. బస్సులు నడిచినా రావద్దు. నేను చెప్పినప్పుడు రండి.

గంగి నిన్న తండాకు వెళ్లిపోయింది. సమ్మె అయ్యేదాకా ఇక్కడుండి ఏం చేస్తావని హరిలాల్ ఆమెను గంగారం దగ్గరి వాళ్ల తండాకు పంపాడు. పక్క క్వార్టర్‌కు తాళం. పొద్దున లేచి ఆ తాళం చూస్తూ చాయ్ తాగుతున్నాను.

సద్దుల బతుకమ్మ అయిపోయింది. నేను వంగలేదు, ఎగరలేదు.

స్వరూప


జనగామ,
10 అక్టోబరు 2011.

బిడ్డా,

నీ ఉత్తరం దసరా అయ్యాక అందింది. చదివి నా నెత్తి నేనే కొట్టుకున్నాను. "స్నానం చేశాను" అని రాస్తే ఏం పోయేది? బడి భాషలో రాయమని అందుకే కదా చెప్పింది! ఒక్క మాటకు ఊరంతా ఊగిపోయింది ఇక్కడ.

పోనీలే. నువ్వేం మనసులో పెట్టుకోకు. జ్వరమొస్తే జ్వరమని రాయడానికి ఎందుకంత నసగడం? మందులు వేసుకున్నావా లేదా? భూపాలపల్లిలో దోమలెక్కువని విన్నాను.

టెంటుకు పోయి "నా బిడ్డ సంగతి ఉత్తదే" అని చెప్పేశాను. దాచి ఏం లాభం, రేపు ఎవరైనా నిన్నే అడుగుతారు. కాటమయ్య పగలబడి నవ్వాడు. "నీళ్లు పోసుకుంటెనే కడుపైతే, మా చెరువు కాడ బర్లన్ని కడుపుతోనే ఉండాలె గదనే" అన్నాడట, యోహాను నాకు పలక మీద రాసి చూపించాడు. టెంటంతా నవ్వులు. నేను కూడా నవ్వాను. వినబడనివాడు తప్పు వినడం మామూలే, నేను తప్పు చదవడం కూడా మొదలుపెట్టానని అందరూ ఒకటే ఆట పట్టించడం. పోనీ, సమ్మెలో కూర్చున్నవాళ్లకు నవ్వుకోవడానికి ఒక ముచ్చట దొరికింది.

సాలమ్మ మాత్రం నవ్వలేదు. ముద్దలన్నీ సందులో పిల్లలకు పంచేసింది. సమ్మె అయ్యాక నిన్ను హనుమకొండలో పెద్ద డాక్టరమ్మకు చూపించాలట, కాళేశ్వరం తీసుకుపోయి గోదాట్లో ముంచాలట. నేను వద్దన్నాను. ఏమీ లేనిదానికి ఇంత లొల్లి ఎందుకన్నాను. సరేనా? నువ్వు నిమ్మళంగా ఉండు.

నీ బాపు,
సోమనర్సయ్య


భూపాలపల్లి,
14 అక్టోబరు 2011.

బాపూ,

ఉత్తది కాదు.

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద అన్నం మరిచిపోయాను. మాడిపోయింది. మాడిన గిన్నె ముందు కూర్చొనే ఇది రాస్తున్నాను. బడి భాష వస్తే వస్తుంది, రాకపోతే లేదు.

ఉండె బాపూ. నాకు ఉండె. రెండు నెలలు నిండి మూడో నెల నడుస్తుండె. మూడో నెల కూడా నిండాక నీకు రాద్దామని ఆగాను. ఏమని రాయాలో కూడా అనుకొని పెట్టుకున్నాను. నవ్వుతున్నారు కదా మీరందరూ, నేనూ అప్పుడు ఒక్కదాన్నే నవ్వుకుంటూ తిరిగేదాన్ని ఇంట్లో.

సమ్మె మొదలైన వారంలో పోయింది. బియ్యం చెరుగుతుంటే నడుములో పట్టేసింది. ఎక్కువసేపు కూర్చున్నందుకేమో అనుకున్నాను. తర్వాత లేవలేకపోయాను. సురేశ్ టెంటు దగ్గరున్నాడు, ఫోన్‌లో చార్జింగ్ లేదు. గోడ మీద చేత్తో కొడితే పక్క నుంచి గంగి వచ్చింది. ఆమే ఆటో తెచ్చింది, ఆమే దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ మంచిదే. "నీ తప్పేం లేదమ్మా, బరువెత్తినందుకు కాదు, తిన్నందుకు కాదు. చానమందికి ఐతది" అన్నది. నేను తలూపాను. ఇంటికొచ్చినప్పటి నుంచి అదే ఆలోచన. ఆ చానమంది ఎక్కడ ఉన్నారు బాపూ? ఇన్నేళ్లు బతికాను, నాకు ఒక్కరు కూడా కనబడలేదు. ఇన్ని క్వార్టర్లున్నాయి, ఎవరి తలుపు కొట్టాలో తెలియదు.

సురేశ్ మీద కోపం తెచ్చుకోకు. చెడ్డవాడు కాదు. కబురు అందగానే దవాఖానకు ఉరికొచ్చాడు. నా మొహం చూడకుండా కిటికీ వైపు చూసి "మల్ల ఐతది తియ్యి" అన్నాడు. అప్పటి నుంచి ఆ సంగతి ఎత్తలేదు. ఏమీ అడగలేదు. వస్తాడు, తింటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. టెంటులో మాత్రం అందరికంటే గట్టిగా అరుస్తాడట. ఇంట్లో మేమిద్దరం ఉన్నప్పుడు కూడా నేను ఒక్కదాన్నే.

నీళ్లు పోసుకున్నానని నేను రాసింది అబద్ధం కాదు. ఆ శుక్రవారం గంగి కాగులో నీళ్లు మరిగించి, వేపాకు వేసి, నన్ను పీట మీద కూర్చోబెట్టి తనే పోసింది. పోసినంతసేపూ వాళ్ల భాషలో ఏదో అంటూనే ఉంది. నాకు ఒక్క మాట అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి జవాబు చెప్పే పని లేకపోయింది. అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు. ఆ ఒక్క గంట నా మనసుకు నిమ్మళమైంది. అందుకే "నిమ్మళంగా ఉంది" అని రాశాను. నువ్వు దాన్ని చదివి బెల్లం పంచావు.

నీ తప్పు కాదు, తెలుసు. కానీ నీ ఉత్తరం వచ్చిన రోజు ఏం జరిగిందో చెప్పనా? "నా తల్లీ" అని మొదలుపెట్టావు కదా, అది చదువుతుంటే ఒక్క నిమిషం పాటు నాకు నిజంగా ఉన్నట్టే అనిపించింది. కడుపు మీద చెయ్యి పెట్టుకున్నాను. తర్వాత అంతా చదివాను.

మనిషి పోతే పది మంది వస్తారు. వండి తెస్తారు, పక్కన కూర్చుంటారు. దీనికి పేరు లేదు, ముఖం లేదు, దినం లేదు. ఎవరూ రారు, ఎవరికీ తెలియదు కాబట్టి. బతుకమ్మ కాడ ఆడవాళ్లు "ఇంకేం విశేషం లేదా?" అంటే లేదన్నాను. ఆ రాత్రి ఇంటికొచ్చి, నిజంగానే ఏమీ లేకుండెనా, నేనే అనుకున్నానా అని నా మీద నాకే అనుమానమొచ్చింది. ఇంతలో నీ దగ్గర నుంచి "ఏమీ లేనిదానికి ఇంత లొల్లి" అని ఉత్తరం.

జ్వరమని నేనే రాశాను. ఆ తప్పు నాది. ఇప్పుడు నిజం రాశాను, కాబట్టి నీకొక పని పెడుతున్నాను. టెంటులో అందరికీ ఉందని చెప్పావు, తర్వాత ఉత్తదే అని చెప్పావు. ఆ మాట వాపసు తీసుకో. ఉండింది, పోయింది అని చెప్పు. ఎక్కడ చెప్పావో అక్కడే, అంతమందికి చెప్పు. చెప్పలేనంటే నువ్వు రావద్దు బాపూ. వచ్చి నా ఎదురుగా కూర్చొని నువ్వు కూడా ఆ సంగతి ఎత్తకుండా ఉంటే నేను తట్టుకోలేను.

స్వరూప


జనగామ,
20 అక్టోబరు 2011.

బిడ్డా,

నీ ఉత్తరం గడప మీద కూర్చొని చదివాను. చదివి అక్కడే ఉండిపోయాను. ఏడ్చాను. ముసలివాడు ఏడిస్తే ఏమవుతుంది? దారిన పోయేవాళ్లు చూశారు, చూడనీ. జ్వరమని రాస్తే జ్వరమని నమ్మాను, "అంతకంటే అడగకు" అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. దోమల సంగతి రాశాను. నా తలకాయ!

అప్పటికప్పుడే టెంటుకు పోయాను. బస్సులు తిరుగుతున్నాయి కానీ కచేరీల వాళ్లు ఇంకా పనిలోకి దిగలేదు, జనం నిండుగానే ఉన్నారు. యోహాను చేతిలో మైకు లాక్కున్నాను. నేను పాట పాడతాననుకొని చప్పట్లు కొట్టారు. నేనన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "మొన్న నా బిడ్డ సంగతి ఉత్తదే అన్న. గది తప్పు మాట. వాపసు తీసుకుంటున్న. నా బిడ్డకు ఉండె. మూడో నెల. పోయింది. నాకు తెల్వక మీతోని నవ్విన. మీరు గూడ తెల్వకనే నవ్విండ్రు. ఇగ నవ్వద్దు." అంతే. మైకు యోహానుకు ఇచ్చేశాను.

వాళ్లు మాట్లాడుతున్నారో ఊరుకున్నారో నాకెలా తెలుస్తుంది? మొహాలు చూశాను. కాటమయ్య తల దించుకొని జంపఖానా అంచు పీకుతున్నాడు. ఇలాంటి మాట మైకులో చెప్పినందుకు నన్ను తిట్టుకుంటున్నారేమో అనుకొని ఇంటికి వచ్చేశాను.

ఆ చానమంది ఎక్కడ ఉన్నారని అడిగావు కదా. విను. ఇక్కడే ఉన్నారు.

తెల్లారి కాటమయ్య భార్య ఎల్లవ్వ మన ఇంటి ముందుకొచ్చి నిలబడింది. ఏదో అన్నది, నాకు వినబడలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నది, వినబడలేదు. ఆఖరికి నా చెవి పట్టుకొని అరిచింది. "నాకు గూడ పోయిందే అన్నా! పెద్దోని కన్న ముందు! మా ఇంటాయనకు చెప్పలే!" ఆకుకూరలమ్మే రాజమ్మ బుట్ట నెత్తిన పెట్టుకొని అటే పోతున్నది. ఆగింది. బుట్ట దించింది. "నాకు గూడ" అన్నది, అది ఆమె పెదవులను చూస్తేనే తెలిసింది. మెల్లగా చెప్పే మాటలు బిడ్డా ఇవి. ఎవరికీ చెప్పని మాటలు. చెవిటివాడికి చెప్పాలంటే అరవాల్సిందే, అరిస్తే సందు సందంతా వింటుంది. ఒకరు అరిచిన మాట విని ఇంకొకరు తలుపు తీసుకొని బయటికొచ్చారు. ఆడవాళ్లంతా మన అరుగు మీద కూర్చొని ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. ఒకే సందులో ఇన్నేళ్లున్నారు, ఎవరి సంగతి ఎవరికీ తెలియదట. నేను లోపలికి పోయి అందరికీ చాయ్ పెట్టాను.

సాలమ్మకు యోహాను ఫోన్ చేసి చెప్పాడు. సాయంత్రం రైలుకే దిగింది. హనుమకొండ లేదు, కాళేశ్వరం లేదు. నా పక్కన కూర్చొని, "నాకు రెండు పోయినయి అన్నా" అన్నది. అది అరవలేదు, వేలితో నా అరచేతిలో రెండు అని గీసింది. నా ఒక్కగానొక్క చెల్లెలు. మీ అమ్మకు కూడా ఏమైనా అయ్యిందా అని ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేదు.

ఎల్లవ్వ నీకు ఒకటి చెప్పమన్నది. నీకు అనుమానమొచ్చిందని రాశావు కదా, నేనే అనుకున్నానా అని. ఆమెకు కూడా అట్లనే అనిపించేదట. "అనుకున్నది గాదు, ఉండె అని చెప్పు" అన్నది. చెప్పాను.

కాటమయ్య నిన్న వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నేను పోసిన చాయ్ తాగాడు. పోతూ గ్లాసు తనే కడిగి పెట్టాడు.

అల్లుడి మీద నాకు కోపం లేదు. అతన్ని మాత్రం ఎవరు అడిగారు? ఈ ఉత్తరాన్ని పెట్టెలో దాచకు. కంటబడే దగ్గర పెట్టు. చదివితే చదువుతాడు, లేకపోతే లేదు.

నువ్వు పెట్టిన పని చేశాను. ఇక నన్ను రానిస్తావా? దీపావళి దాటాక వచ్చే ఆదివారం, ముప్పయ్యో తారీఖున బయలుదేరుతాం. సాలమ్మ ఉంటానంటున్నది, ఎన్ని రోజులంటే అన్ని. ఏమీ తేవడం లేదు. పక్కన కూర్చోవడానికే.

నీ బాపు,
సోమనర్సయ్య


భూపాలపల్లి,
25 అక్టోబరు 2011.

బాపూ,

నీ ఉత్తరం నిన్న పొద్దున వచ్చింది. చదివి మంచం మీద పెట్టి, దాని పక్కనే పడుకొని నిద్రపోయాను. ఇన్ని రోజుల తర్వాత పగటిపూట నిద్రపట్టింది. ఎల్లవ్వకు, రాజమ్మకు చెప్పు, వాళ్ల మాటలు నాకు అందాయని. అత్తకు నేను వేరే రాస్తాను.

ఇక్కడ బాయిలు తెరిచారు. సురేశ్ డ్యూటీకి పోతున్నాడు. నిన్న మధ్యాహ్నం షిఫ్టు దిగి ఇంటికి వచ్చాడు. నేను లేచేసరికి, మొహం మీది బొగ్గు కూడా కడుక్కోకుండా, నేల మీద కూర్చొని నీ ఉత్తరం చదువుతున్నాడు. చదవడం అయిపోయినా పెట్టేయలేదు. కాగితం అంచుల మీద వేళ్ల నల్ల మరకలు పడ్డాయి.

నేను చాయ్ పెట్టడానికి లేవబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కిటికీ వైపు చూడలేదు. నా వైపే చూశాడు.

"గప్పుడు బాగ నొచ్చిందా?" అన్నాడు.

నొచ్చిందని చెప్పాను. ఎక్కడ నొచ్చిందో, ఎలా నొచ్చిందో, ఆటోలో గంగి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో అంతా చెప్పాను. విన్నాడు. తర్వాత ఏమడగాలో తెలియక కాగితం మడుస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. ఏడుస్తున్నాడు బాపూ, బొగ్గు మొహం మీద చారలు పడుతున్నాయి.

"ఇంక అడుగు" అన్నాను.

ఈ ఆదివారం రాకు బాపూ. నీ మీద కోపంతో కాదు. పై ఆదివారం రా, అత్తను కూడా తీసుకొని రా. ఆయన ఇంకా అడుగుతున్నాడు, నేను ఇంకా చెబుతున్నాను.

నీ బిడ్డ,
స్వరూప